గాలి మేస్త్రీ అడ్డపొగ మానిన వైనం

మొదటి రోజు

డాక్టర్ వాగ్దేవి గారి ఆజ్ఞ మేరకు ఈ పుస్తకం మొదలుపెడుతున్నాను. రోజూ డ్యూటీ దిగాక నాలుగు ముక్కలు రాయాలట, ఆవిడ అప్పుడప్పుడు తీసుకుని చదువుతారట. రాస్తే చుట్ట మానేస్తానట. ఇరవై రెండేళ్లుగా ఫిల్టర్ల రిజిస్టరు రోజూ రాస్తున్నాను. దానివల్ల ఏ ఫిల్టరూ అలవాట్లు మార్చుకున్నట్టు నాకు కనపడలేదు.

నా పేరు మైలపల్లి దానయ్య. వయసు నలభై తొమ్మిది. ఉద్యోగం గాలి మేస్త్రీ. మా తీరంలోని ఊళ్లన్నిటినీ సముద్రం మింగేశాక, మేమే దిగి వెళ్లి దాని కడుపులో కాపురం పెట్టాం. తొంభై మీటర్ల లోతులో ఉన్న ఈ లోపలూరులో రెండు వందల పన్నెండు మంది పీల్చి వదిలిన గాలిని కడిగి మళ్లీ వాళ్లకే పంపడం నా పని. భోజనాల హాలు గుమ్మం మీద ‘పొగలేని ఊరు - పదకొండో ఏడు’ అని బోర్డు ఉంటుంది. దాన్ని వారానికోసారి తడిగుడ్డతో తుడిచేది కూడా నేనే.

ఈరోజు ఏడాదికోసారి చేసే నోటి పరీక్ష. డాక్టరమ్మ నా నోట్లో లైటు పెట్టి చాలాసేపు చూశారు.

"అంగిలి మీద ఈ తెల్లమచ్చ ఎన్నాళ్లుగా ఉంది దానయ్య గారూ? చుట్టూ ఎర్ర చుక్కలున్నాయి."

"టీ బాగా వేడిగా తాగుతానండి."

"టీని నిప్పుతో సహా తాగుతారా?"

చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. అడ్డపొగ అంటే ఏమిటో ఆవిడకు ముందే తెలుసు. చుట్ట మండే కొసను నోటి లోపల పెట్టుకుని తాగడం. మా వైపు ఆడవాళ్ల అలవాటు. సముద్రపు గాలికి ఆరదు, రెండు చేతులా వల బాగుచేసుకోవచ్చు. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నిప్పు కనపడదు కనుక దొంగతనానికి ఇంతకన్నా అనువైన విద్య లేదు. నాలుగో నంబరు ఫిల్టరు గదిలో, గాలిని లాగే గొట్టం కింద నిలబడి తాగితే, వదిలిన కాస్త పొగా పైకి పోతుంది. పొగ పట్టే యంత్రం ఆ గదిలో లేదు. పెట్టాల్సింది నేనే కదా.

డాక్టరమ్మ మచ్చ నుంచి చిన్న ముక్క తీశారు. పైకి పంపి పరీక్ష చేయించడానికి నెల పడుతుందట. "ఇది వైద్య రహస్యం. ఎవరికీ చెప్పను. మీరు మాత్రం ఈరోజే మానేయాలి" అన్నారు. మణికట్టుకు ఒక పట్టీ కట్టారు. నాకు పొగ మీద మనసు పోతే అదే కనిపెట్టి మాట్లాడుతుందట.

తాగలేదు.

మూడో రోజు

పొగాకు మానడానికి పద్నాలుగు కారణాలున్న కాగితం ఒకటి డాక్టరమ్మ ఇచ్చారు. గుండె, ఊపిరితిత్తులు, చిగుళ్లు, గొంతు... మనిషిలో పనికొచ్చే భాగాలన్నీ ఉన్నాయి. తొమ్మిదో కారణం ‘పక్కవారికి హాని’. ఫిల్టరు గదిలో నా పక్కన ఉండేది ఫిల్టరే. అదింతవరకు దగ్గలేదు. పదకొండో కారణం నోటి దుర్వాసన. దీని మీద నా భార్య పోలమ్మ అభిప్రాయం అడిగాను.

"నా నోరు కంపు కొడతాదా?"

"పెళ్లయి పాతికేళ్లయ్యాక అడుగుతున్నావేటి? నీ నోట్లో పొయ్యున్నాదని నాకు తెల్దనుకున్నావా?"

"తెలిసీ ఊరుకున్నావా?"

"సెప్పినాను. నువ్వు ఆ మిషన్ల రొదలో ఇనిపించుకోనేదు."

పట్టీ మహా మర్యాదస్తురాలు. ఉదయం వందమంది ఇడ్లీల కోసం వరుసలో ఉండగా, వార్తలు చదివే గొంతుతో "దానయ్య గారూ, మీకు ఇప్పుడొక కోరిక కలుగుతోంది. దయచేసి ఒక గ్లాసు నీరు సేవించండి" అంది. వెనకనున్న ముసలమ్మ నన్ను చూసి కొంగు సర్దుకుంది.

తాగలేదు.

ఏడో రోజు

ఇప్పటిదాకా రాసిన ‘తాగలేదు’లన్నీ అబద్ధం. రోజుకు ఒకటే తాగుతున్నాను. నాలుగు నుంచి ఒకటికి దిగినందుకు సన్మానమేమీ అక్కర్లేదు. నా దగ్గర ఇంకా పదమూడు ఉన్నాయి. పైనున్న స్నేహితుడు ఎండుచేపల బస్తాలో పెట్టి పంపుతాడు. సముద్రం అడుగున ఉన్నవాళ్లకు పైనుంచి చేపలు రావడమేమిటని ఎవరూ అడగరు. ఇక్కడ ఎండ లేదు, ఎండబెట్టే దారీ లేదు.

ఎర్ర సిరాతో డాక్టరమ్మ: ‘నిజం రాసినందుకు సంతోషం. ఆ పదమూడూ రేపు నాకు ఇచ్చేయండి.’

సరే డాక్టరమ్మా. రేపు.

ఈరోజు తోటగదిలో ముత్యాలప్ప పిలిచింది. సూరాడ ముత్యాలమ్మ ఆమె అసలు పేరు. ఊరంతటికీ అప్పే, అంటే అక్కే. ఆరువందల నలభై మొక్కలు, మిరప, టమాటా, వంగ, ఆ గదిలో దీపాల వెలుగులో పెంచుతుంది. ఇక్కడ తేనెటీగలు లేవు. పూత కాయగా మారాలంటే ఎవరో ఒకరు ప్రతి పువ్వునూ వేలితో మీటాలి. గాలి పని నాదే కనుక తేనెటీగ పని కూడా నాకే అంటగట్టారు. రోజు విడిచి రోజు, గంటన్నరసేపు, పువ్వు పువ్వునూ ముట్టుకుంటూ నడుస్తాను.

"ఒరే దానయ్యా, ఓపాలి ఇటొచ్చి ఈ ఆకు సూడు" అంది.

మిరపాకు మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు. చివర్లు ముడుచుకుపోయాయి.

"గాలేటైనా తేడాగా ఒదుల్తున్నావేట్రా?"

"గాలి సుబ్బరంగా ఉన్నాదప్పా. నీళ్లే తేడా ఏమో."

"నా నీళ్లకేటి? బంగారంలాంటి నీళ్లు."

ఇద్దరం తలో దిక్కూ చూశాం. నేను తేనెటీగ పని ముగించుకుని వచ్చేశాను.

పదో రోజు

టమాటాలకూ పాకింది. పూత రాలిపోతోంది. మొన్న ఒక మడి, ఈరోజు ఆరు మళ్లు. ఊరిపెద్ద కూర్మారావు గారు కొలబద్ద, కాగితం పట్టుకుని తోటగదికి వచ్చి నీళ్లు కొలిచారు, వెలుగు కొలిచారు, చివరికి ముత్యాలప్పను కూడా ఎగాదిగా కొలిచారు. ఒక మొక్కను పీకి గాజుసీసాలో పెట్టి పైకి పంపారు.

ముత్యాలప్ప మూడు రోజులుగా భోజనాల హాలుకు రాలేదు. తోటగదిలోనే మళ్ల మధ్య పీట వేసుకుని కూర్చుంటోంది. పసిపిల్లలకు జ్వరమొస్తే కూర్చున్నట్టు.

చుట్టలు డాక్టరమ్మకు ఇంకా ఇవ్వలేదు. రేపు అన్నాను కదా. ఏ రేపో ఆవిడ స్పష్టంగా రాయలేదు.

పదమూడో రోజు

పైనుంచి జవాబు వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్మారావు గారు నిలబడి చదివారు. మొక్కలకు వచ్చింది మొజాయిక్ తెగులు. పొగాకు నుంచి పుట్టుకొచ్చే తెగులు. ఎండబెట్టి, చుట్టగా చుట్టిన పొగాకులో కూడా ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. చుట్ట పట్టుకున్న చేత్తో మొక్కను ముట్టుకుంటే చాలు, అంటుకుంటుంది. అక్కడి నుంచి చెయ్యి ఎక్కడెక్కడ పడితే అక్కడికల్లా వెళుతుంది. ‘మీ ఊళ్లో పొగ తాగేవారెవరైనా తోటలోకి వస్తున్నారా?’ అని చివర్లో అడిగారు.

నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది. పట్టీ మాత్రం ఆగలేదు. "దానయ్య గారూ, మీ గుండె వేగం పెరిగింది" అంది.

"మన ఊరు పొగలేని ఊరు!" అన్నారు కూర్మారావు గారు బోర్డు వైపు చెయ్యి చూపించి. "అలాంటివాళ్లు మన దగ్గర లేరు. తోటలో ఉండేది ఒక్క మనిషి."

అలా తేల్చారు. తేనెటీగ ఎవరికీ గుర్తుకు రాలేదు. సాయంత్రానికల్లా ముత్యాలప్ప గది సోదా చేశారు. పెట్టె అడుగున తుప్పుపట్టిన చుట్టల డబ్బా దొరికింది. పదేళ్ల క్రితం పోయిన ఆమె మొగుడిది. అందులో చుట్ట లేదు. వాసన ఉంది. కూర్మారావు గారికి అది చాలు.

"ఇదేంటమ్మా?"

"డబ్బా."

"డబ్బా అని నాకూ కనిపిస్తోంది. ఎందుకు దాచావు?"

"నా పెట్టి, నా డబ్బా. నీకేటి?"

ఎల్లుండి ఉదయం లిఫ్టులో ఆమెను పైకి పంపేయాలని తీర్మానం. పైన ఆమెకు మనుషులు లేరు. ఊరు కూడా లేదు. అది మునిగింది కాబట్టే కదా ఇక్కడికి వచ్చింది.

పద్నాలుగో రోజు

నేనెందుకు నోరు విప్పకూడదో పద్నాలుగు కారణాలు రాద్దామని కూర్చున్నాను. ఒకటి: నేను లేకపోతే గాలి కడిగేవాడు లేడు. రెండు: పైన ముత్యాలప్పకు ఎండ దొరుకుతుంది, ఒంటికి మంచిది. మూడు: తెగులు నా చేతి నుంచే వచ్చిందని రుజువేముంది? మూడోది రాశాక కుడిచేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాలుగోది రాయలేదు.

ఎర్ర సిరాతో డాక్టరమ్మ: ‘మీ పేరు నేను చెప్పలేను. వైద్య రహస్యం. అందుకు నాకు నిద్ర పట్టడం లేదు. మీరు చెప్పగలరు.’

డాక్టర్లు ఎప్పుడూ ఇంతే. రోగం మనది, మందు మనమే మింగాలి.

మధ్యాహ్నం ఫిల్టరు గదిలో ఒకటి వెలిగించాను. రెండు దమ్ములు లాగానో లేదో బక్కెట్లోకి ఉమ్మేశాను. పోలమ్మకు మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు బియ్యం ఏరుతూనే ఉంది.

"ముత్యాలప్ప నాకు పురుడు పోసింది. తెలుసు గదా?" అంది చివరికి. అంతే.

పదిహేనో రోజు

ఉదయం పదింటికి లిఫ్టు గది నిండిపోయింది. ఒక మనిషిని ఊరి నుంచి వెళ్లగొడుతుంటే చూడ్డానికి జనం ఇంత తీరిగ్గా ఎలా వస్తారో నాకు అర్థం కాదు. మొన్న ఫిల్టర్లు కడగడానికి చెయ్యి సాయం అడిగితే ఒక్కడూ రాలేదు. ముత్యాలప్ప చిన్న మూట పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"కూర్మారావు గారూ, ఒక్క నిమిషం" అన్నాను.

"ఏంటి దానయ్యా? లిఫ్టులో గాలి చాలదా?"

"గాలి సరిపోద్దండి. మనిషే తప్పు."

పనిముట్ల సంచిలోంచి మిగిలిన ఆరు చుట్టలూ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఏ చేత్తో తాగాను, ఎక్కడ తాగాను, ఎన్నేళ్లుగా తాగాను, అదే చేత్తో ఏ పువ్వులు ముట్టాను, అన్నీ చెప్పాను. అడ్డపొగ అనగానే వెనక నుంచి ఎవరో, "అది ఆడోళ్లు గదా తాగుతారు!" అన్నారు. ఊరి పంట నాశనం చేశానన్నదానికన్నా ఈ సంగతికే జనం ఎక్కువ కలవరపడ్డారు.

"పదకొండేళ్లయ్యా!" అన్నారు కూర్మారావు గారు. చుట్టల్ని చచ్చిన ఎలుకల్లా పట్టుకుని ఉన్నారు. "పదకొండేళ్ల బోర్డు!"

ముత్యాలప్ప మూట కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు. నా కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఈ సేత్తోనేనా నా పువ్వులు ముట్టినావు?"

"అవునప్పా."

చెయ్యి వదిలేసింది. మూట తీసుకుని, జనం మధ్యలోంచి తోటగది వైపు నడిచి వెళ్లిపోయింది. ఆమెను ఆపే ధైర్యం తీర్మానానికి లేకపోయింది.

పదిహేడో రోజు

నాకు పడ్డ శిక్ష: జబ్బు మొక్కలన్నీ నేనే పీకాలి, గదంతా నేనే కడగాలి. పైకి పంపరట. నా మీద దయతో కాదు, ఇంకో గాలి మేస్త్రీ లేక. నా మొదటి కారణం ఒక్కటే నిజమైంది.

ఆరువందల నలభై మొక్కలు. వంగ ఒక మూల బాగానే ఉన్నట్టు కనిపించింది. "అదీ పీకు" అంది ముత్యాలప్ప. ఇప్పుడు నాతో మాట్లాడేది ఆజ్ఞలే. గుమ్మం దగ్గర పాలపొడి కలిపిన నీళ్ల గిన్నె పెట్టింది. లోపలికి వెళ్లేముందు, మడి మడికీ మధ్య, చేతులు అందులో ముంచాలి. పాలు తగిలితే ఆ తెగులు చస్తుందని పైవాళ్లు రాశారట. పిల్లలు తాగాల్సిన పాలలో చేతులు ముంచుతున్నాను. నా బతుక్కి ఇంతటి పాలాభిషేకం రాసి ఉందనుకోలేదు.

పీకుతుంటే కొన్నిటికి పిందెలున్నాయి. లెక్కపెట్టలేదు.

తాగలేదు. ఈసారి నిజం. తాగడానికి లేవు కూడా.

ఇరవై నాలుగో రోజు

ఊరికి కారం లేదు. పైనుంచి ఎండుమిర్చి తెప్పిద్దామంటే, లిఫ్టులో రావాల్సిన మందులు, విడిభాగాలు ఎన్నో ఉన్నాయి, తర్వాత చూద్దామన్నారు. రెండు వందల పన్నెండు మంది ఉత్తరాంధ్ర మనుషులు పూటపూటా చప్పటి పప్పు, చప్పటి నాచుకూర, చప్పటి చేపల పులుసు తింటున్నారు. జైళ్లలో తిరుగుబాట్లు ఎందుకొస్తాయో నాకిప్పుడు తెలిసింది. నేను హాల్లోకి రాగానే మాటలు ఆగిపోతాయి, చెంచాల చప్పుడు పెరుగుతుంది. నిన్న ఒక పెద్దాయన నా కంచంలో చూసి, "తిను నాయనా, తిను. నీ నోట్లో కారం నీకుంది గదా" అన్నాడు.

ఒళ్లంతా చికాకు. తలకు ఎవరో వల బిగించినట్టు ఉంటోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నిన్న బాగానే ఉన్న మోటారును మూడుసార్లు విప్పి బిగించాను. ‘ఒక గ్లాసు నీరు సేవించండి’ అని పట్టీ ఈసారి అంటే దాన్ని కూడా విప్పి బిగిస్తాను. పోలమ్మ వేయించిన శనగలు పొట్లం కట్టి జేబులో వేస్తోంది. మనసు లాగినప్పుడల్లా ఒకటి నములుతున్నాను. పళ్లు అరిగిపోతాయేమో గాని, లాగడం మాత్రం నాలుగైదు నిమిషాల్లో తగ్గుతోంది. ఈ నాలుగైదు నిమిషాల సంగతి కాగితంలో ఆరో కారణం కింద చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాల్లో వేయాల్సింది.

ముప్పై నాలుగో రోజు

రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. అలా కూర్చుంటే మంచి వార్త కాదనుకున్నాను.

"క్యాన్సర్ కాదు. ఇంకా కాదు. ఇలాగే ఇంకో రెండేళ్లు తాగి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాను."

"ఇప్పుడు మానేశాను గదండీ."

"మచ్చ తగ్గొచ్చు. తగ్గకపోవచ్చు. మూడు నెలలకోసారి చూస్తూనే ఉండాలి. మీ ఇంట్లో ఎవరికైనా నోట్లో పుండు వచ్చిందా?"

లేదన్నాను. తర్వాత ఉందన్నాను.

మా అమ్మ వయసు మీదపడి పోయిందని అందరికీ చెబుతాను. ఆమె వయసు యాభై రెండు. అంగిలికి చిల్లు పడింది. గంజి పోస్తే ముక్కులోంచి వచ్చేది. ఆఖరి నెలలో మాట అర్థమయ్యేది కాదు. సైగలతో అడిగేది. ఏం అడిగేదో నాకు తెలుసు. చుట్ట వెలిగించి, మండే కొస లోపలికి తిప్పి, నేనే నోట్లో పెట్టేవాణ్ణి. కొడుకుగా నేను చేసిన సేవ అది. ఆమె పోయిన పదకొండో రోజు కర్మ అయ్యాక, దుఃఖం ఆపుకోలేక నేను చేసిన మొదటి పని చుట్ట వెలిగించడం.

ఇదంతా డాక్టరమ్మకు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ పేజీలో ఎర్ర సిరా వద్దు.

యాభై రెండో రోజు

ఎర్ర సిరా పడలేదు. థాంక్స్ డాక్టరమ్మా.

తోటగదిలో కొత్త నారు మొలిచింది. నాకు లోపలికి ప్రవేశం లేదు, గాలి గొట్టం జాలీ తుడవడానికి తప్ప. ఈరోజు నిచ్చెనెక్కి తుడుస్తుంటే ముత్యాలప్ప కింద నుంచి అడిగింది. ముప్పై ఏడు రోజుల్లో ఆజ్ఞ కాని మాట ఇదే మొదటిది.

"ఇంకా లాగతాందా?"

"లాగతాందప్పా. మునుపటంత కాదు."

"మా ఆయనకీ లాగేది. ఆయాసంతో పక్క మీదనుంచి నెగలేడు, సుట్ట మాత్రం కావాల."

"ఆ డబ్బా అందుకేనా దాచుకున్నావు? ఆయన గుర్తుగా?"

ఆమె నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది.

"గుర్తేట్రా? ఆ డబ్బా తీసినప్పుడల్లా ఆణ్ణి నాలుగు తిట్లు తిడతాను. నన్ను ఒగ్గేసి పోయినాడు గదా, దానికోసం. అవతల మనిసి లేకపోతే తిట్టడానికి ఏదోటి ఉండాల గదా."

నిచ్చెన దిగాను. పాలగిన్నెలో చేతులు ముంచాను, జాలీకి అవసరం లేకపోయినా. ఆమె చూసింది.

నూట ముప్పయ్యో రోజు

మచ్చ సగానికి తగ్గిందన్నారు డాక్టరమ్మ. చుక్కలు రెండే ఉన్నాయట. మెట్లెక్కితే ఊపిరి అందుతోంది. అన్నం వాసన, సముద్రం వాసన, మనుషుల వాసన తెలుస్తున్నాయి. చివరిది తెలియకపోయినా నష్టం లేదు. పట్టీ విప్పేశారు. ఈ పుస్తకం కూడా ఇక చాలన్నారు. కాబట్టి ఇదే ఆఖరి పేజీ.

ఈ మధ్యాహ్నం తొలి కోత పంచారు. మనిషికి ఒక్కటంటే ఒక్కటి పచ్చిమిరపకాయ. ఊరు ఊరంతా వరుసలో నిలబడింది. కూర్మారావు గారు ఉపన్యాసం మొదలుపెట్టబోయి, జనం మొహాలు చూసి మానుకున్నారు. ముత్యాలప్ప బుట్ట పట్టుకుని ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాయ పెడుతోంది. నేను చిట్టచివర నిలబడ్డాను. నా దాకా వచ్చేసరికి బుట్ట ఖాళీ అయితే న్యాయమే అనుకున్నాను.

ఒకటి మిగిలింది. పొడుగ్గా, నిగనిగలాడుతోంది. ఆమె దాన్ని ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"సెయ్యి సూపీ."

చూపించాను. వాసన చూసింది. తర్వాత కాయ అందులో పెట్టింది.

అందరూ చూస్తున్నారు. సగానికి కొరికాను. ముప్పై ఏళ్లుగా నిప్పు తగిలి తోలులా మొద్దుబారిన నా అంగిలికి కారమంటే ఏమిటో తెలిసి ఎన్నాళ్లయిందో, ఆ క్షణంలో ఒకేసారి తెలిసింది. కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు. నోరు తెరుచుకుని, చేతులు ఊపుతూ, "ఓలమ్మో!" అని అరిచాను. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. తర్వాత హాలు హాలంతా. నాలుగు నెలలుగా నా మీద పళ్లు నూరిన రెండు వందల మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. పోలమ్మ నవ్వుతూనే నీళ్ల గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది.

ముత్యాలప్ప ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీళ్లు ఇయ్యకే. ఓపాలి మండనీ" అంది.